స్టార్ట్ లైన్‌లో ముందు వరస ఎవరిది? సీరియస్ రన్నర్లు, సరదా రన్నర్లు

తెల్లారిపరుగు
మొన్నటి 10కే (పది కిలోమీటర్ల) రేసు మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. 50 నిమిషాల లోపు చెయ్యాలని చలికాలమంతా పట్టుబట్టి ప్రాక్టీస్ చేశాను. వారం మధ్యలో ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా), ఆదివారం లాంగ్ రన్, రాత్రి తొమ్మిదికల్లా నిద్ర. రేసు రోజు వార్మప్ చేసుకుని స్టార్ట్ లైన్ దగ్గరికి వస్తే నా ముందు ఒకే రంగు టీషర్టుల్లో ఒక పెద్ద బృందం. ఫోన్లు పైకెత్తి ఫొటోలు దిగుతున్నారు. గన్ మోగింది. వాళ్ళు నడక మొదలెట్టారు! నలుగురేసి పక్కపక్కన, కబుర్లు చెప్పుకుంటూ. వెనక నుంచి వచ్చేవాళ్ళం కుడికీ ఎడమకీ తప్పుకుంటూ, ఫుట్‌పాత్ ఎక్కుతూ దిగుతూ వెళ్ళాం. నా కళ్ళ ముందే ఒకాయన డివైడర్ అంచు తగిలి బోర్లా పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయి రక్తం.

ఐదు నిమిషాల్లో అవ్వాల్సిన మొదటి కిలోమీటరుకి 5:50 పడింది. చివరికి 50:38.

అయిపోయాక ఆ బృందంలో ఒకరితో మర్యాదగానే అన్నాను, "నడిచేవాళ్ళు వెనక నిలబడితే బాగుంటుంది కదండీ" అని. "ఇది లోకల్ రేసు బాస్, ఒలింపిక్స్ కాదు, ఎంజాయ్ చెయ్యి" అన్నారు. ఇంత కష్టపడి వచ్చేవాళ్ళకి లోకల్ రేసులో విలువ లేదా? సీరియస్‌గా పరిగెత్తేవాళ్ళకి, సరదాగా వచ్చేవాళ్ళకి వేరువేరు రేసులు పెట్టాల్సిందేనా?

నెగెటివ్‌స్ప్లిట్
పెట్టాల్సిందే. రేసు అంటే టైమ్ కొలిచేది. టైమ్ అక్కర్లేనివాళ్ళకి రోజూ రోడ్డు ఖాళీగానే ఉంటుంది కదా.

బిబ్‌నంబర్‌లేదు
38 సెకన్లు! చదువుతుంటే నాకే కడుపు రగిలిపోతోంది అన్నా. పడ్డాయన ఎలా ఉన్నాడు?

తెల్లారిపరుగు
@బిబ్‌నంబర్‌లేదు లేచి పరిగెత్తాడు. ఫినిష్‌లో చూశాను, మోచేతికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. ఎముకకి ఏమీ కాలేదట.

నిదానమేప్రధానం
నేను వెనక వచ్చేదాన్ని. 10కే కి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు వరసలో నిలబడి నడిచినవాళ్ళది తప్పే, అందులో వాదన లేదు. కానీ @నెగెటివ్‌స్ప్లిట్ గారూ, టైమ్ అక్కర్లేనివాళ్ళు అని ఎవరిని అంటున్నారు? నా వాచ్ మీ వాచ్ కంటే తక్కువ సార్లు చూసుకుంటానని అనుకుంటున్నారా? నేను కూడా రాత్రి తొమ్మిదికే పడుకుంటాను. ఇంటి పని, ఆఫీసు పని, ఇద్దరు పిల్లల పని అయ్యాక దొరికిన గంటలో పరిగెత్తి, గంటన్నర నుంచి గంటా ఇరవైకి తెచ్చుకున్నాను. వేగం లేకపోవడం వేరు, లెక్క లేకపోవడం వేరు.

ఇంకో సంగతి. మీరందరూ ఫినిష్ అయ్యి ఫొటోలు దిగి ఇళ్ళకి వెళ్ళిపోయాక అక్కడ ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశారా? మొన్న ఇదే రేసులో నేను ఎనిమిదో కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ టేబుల్ మడత పెట్టేస్తున్నారు. అట్టపెట్టెలో అడుగున రెండు సీసాలు మిగిలాయి, మేం ముగ్గురం వచ్చాం. కోన్లు తీసేశారు, బండ్లు పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ వెళ్తున్నాయి. ఫినిష్‌కి వచ్చేసరికి, గీత మీద గాలి నింపి నిలబెట్టే ఆర్చ్‌లోంచి గాలి తీసేస్తున్నారు. మోటారు ఆపారు, అది మెల్లగా నా మీదకే వంగుతోంది, నేను తల వంచి దూరాను. కటాఫ్‌కి (రేసు ముగించే గడువుకి) ఇంకా పది నిమిషాలుంది అప్పటికి! ఫీజు మీరు కట్టిందే నేనూ కట్టాను.

పేసర్‌పసుపుజెండా
కటాఫ్ కాకముందే ఆర్చ్ దించారా? ఇది చాలా దారుణం. ముందు వరస గొడవ కంటే నాకు ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

నెగెటివ్‌స్ప్లిట్
@నిదానమేప్రధానం మీలాంటివాళ్ళ గురించి నేను అనలేదండీ. మీరు పరిగెత్తడానికి వస్తున్నారు. టీషర్టు కోసం, ఫొటో కోసం వచ్చేవాళ్ళ గురించి అన్నాను.

నిదానమేప్రధానం
ఎవరు దేనికి వచ్చారో టీషర్టు చూసి ఎలా చెప్తారు? మా కాలనీ నుంచి ఒకావిడ మొదటిసారి ఫొటో కోసమే వచ్చింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు నాతో పరిగెడుతోంది. ఆ ఫొటో లేకపోతే ఆమె మంచం దిగేది కాదు.

కొలతమనిషి
అసలు ప్రశ్నకి ఒక టెక్నికల్ విషయం చేరుస్తాను. తెల్లారిపరుగు గారి కోపంలో న్యాయం ఉంది, లెక్కలు కూడా ఆయన పక్షమే.

రోడ్డు రేసు కోర్సుని సరిగ్గా కొలిచేవాళ్ళు సైకిల్ ముందు చక్రానికి, అది తిరగడాన్ని లెక్కపెట్టే కౌంటర్ బిగించి కొలుస్తారు. ముందు టేపుతో కొలిచిన దూరం మీద ఆ సైకిల్‌ని తొక్కి, ఎన్ని కౌంట్లకి ఎంత దూరమో సరిచూసుకుంటారు. ఆ తర్వాత రన్నర్ పరిగెత్తగలిగిన అతి దగ్గర దారి వెంట తొక్కుతారు, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల ఎడంలో. కొలతలో తేడా వచ్చి దూరం తగ్గిపోకుండా 0.1 శాతం కలుపుతారు, అంటే 10కే కి 10 మీటర్లు. ఆ దారి తప్పి జనం మధ్య పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళారంటే మీరు పరిగెత్తేది 10 కిలోమీటర్ల కంటే ఎక్కువే. కిలోమీటరుకి 5 నిమిషాల వేగంలో 100 మీటర్లు అదనం అంటే 30 సెకన్లు. చిప్ టైమ్, అంటే మీ ఒంటి మీదుండే చిప్ లెక్కేసే టైమ్, మీరు స్టార్ట్ గీత మీది మ్యాట్ దాటినప్పటి నుంచే మొదలవుతుంది నిజమే, కానీ మెలికలకి చిప్ ఏమీ చెయ్యలేదు.

తెల్లారిపరుగు
@కొలతమనిషి నా వాచ్‌లో 10.14 చూపించింది మాస్టారూ! జీపీఎస్ తేడా అనుకున్నాను.

కొలతమనిషి
జీపీఎస్ తేడా కూడా ఉంటుంది, ఎత్తైన భవనాల మధ్య మరీ ఎక్కువ. అందుకే వాచ్ చూసి కోర్సు తప్పు అనకూడదు. కానీ ఆ 140 మీటర్లలో మీ మెలికల వాటా ఉండే ఉంటుంది.

బిబ్‌నంబర్‌లేదు
ఈ లెక్కన మా తెల్లారిపరుగు అన్న సబ్ 50 చేసేసినట్టే. పార్టీ ఎప్పుడన్నా?

పాతబూట్లు
అరవై దాటాక కూడా పరిగెడుతున్నవాణ్ణి, కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఎవరు నిజమైన రన్నర్, ఎవరు కాదు అనే తగువు ఇవాళ్టిది కాదు. 1967లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి 261 నంబరు బిబ్ (ఒంటికి తగిలించుకునే రేసు నంబరు) పెట్టుకుని పరిగెడుతుంటే, రేసు అధికారి ఒకాయన వెనకనుంచి వచ్చి ఆ బిబ్ లాగెయ్యబోయాడు. ఆడవాళ్ళకి అంత దూరం చేతకాదని అప్పటి నమ్మకం. ఆమె ఆగలేదు, పూర్తి చేసింది. దానికి ముందు ఏడాదే బాబీ గిబ్ అనే ఆమె బిబ్ లేకుండానే అక్కడ పరిగెత్తి పూర్తి చేసింది. అక్కడ ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ వచ్చేసరికి 1984. రోడ్డు మీద ఎవరుండాలో తేల్చేస్తాం అన్నవాళ్ళ మాట కాలం గడిచేకొద్దీ నిలబడలేదు. అందుకే "వీళ్ళు రాకూడదు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండోది, వేగంగా పరిగెత్తేవాడు సీరియస్, మెల్లగా పరిగెత్తేవాడు క్యాజువల్ అనే లెక్క. మా గ్రూపులో ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడున్నాడు. ప్రాక్టీసుకి రాడు, రేసు రోజు బూట్లు తొడుక్కుని వచ్చి 44 నిమిషాల్లో కొట్టి పోతాడు. దేవుడిచ్చిన కాళ్ళు. నేను వారానికి ఐదు రోజులు పరిగెత్తి 58 నిమిషాలకి వస్తాను. మా ఇద్దరిలో సీరియస్ ఎవరు?

నెగెటివ్‌స్ప్లిట్
@పాతబూట్లు గారూ, మీరంటే గౌరవమే. కానీ బోస్టన్ పోలిక ఇక్కడ అతకదు. అక్కడ ఆమెని రోడ్డు మీద నుంచే తోసెయ్యబోయారు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ రావొద్దనలేదు, వెనక నిలబడమంటున్నాం. బోస్టన్ మాటే తీసుకుందాం. ఇవాళ అక్కడ వయసుని బట్టి క్వాలిఫయింగ్ టైమ్ ఉంది. ఆ టైమ్ చేసినా సీటు గ్యారంటీ లేదు: 2025 రేసుకి క్వాలిఫయింగ్ టైమ్ కంటే 6 నిమిషాల 51 సెకన్లు వేగంగా చేసినవాళ్ళకే దొరికింది. వేగానికి అక్కడ విలువ ఇస్తున్నారు, ఎవరూ దాన్ని అవమానం అనుకోవట్లేదు. ఆ సీటు కోసం జనం ఏళ్ళ తరబడి కష్టపడుతున్నారు. లోకల్ రేసులో అలాంటి కోరిక ఉన్నవాడికి కనీసం దారి ఇవ్వండి అంటున్నాను.

పాతబూట్లు
మీ మొదటి పోస్టులో "వేరే రేసు పెట్టాల్సిందే" అని ఉంది నాయనా. వెనక నిలబడమనడం నాకూ సమ్మతమే.

నెగెటివ్‌స్ప్లిట్
సరే, ఆ మాట వదిలేస్తున్నాను. వెనక నిలబడితే చాలు.

వాలంటీర్‌వాణి
స్టార్ట్ దగ్గర వాలంటీర్‌గా చేసేదాన్ని. అక్కడ నుంచి కనబడేది చెప్తాను.

ముందు నిలబడేవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మొదటిసారి వచ్చినవాళ్ళు తొందరగా వస్తారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడతారు. ముందే వచ్చాం కాబట్టి ముందే నిలబడ్డాం అనుకుంటారు, సినిమా టికెట్ల క్యూలో లాగా. గన్ మోగాక వెనక నుంచి ఏం ముంచుకొస్తుందో వాళ్ళకి ఊహే ఉండదు. పొగరు కాదు అది. "50 నిమిషాలు", "60 నిమిషాలు" అని బోర్డులు పెడతారు కానీ ఛాతీ ఎత్తులో పెడతారు. జనం నిండగానే ఆ బోర్డు ఎవరికీ కనబడదు. మైకులో చెప్పేవాళ్ళు పాటలు పెట్టి చప్పట్లు కొట్టిస్తారు తప్ప "నడిచేవాళ్ళు ఈ బోర్డు వెనక్కి రండి" అని ఒక్కసారి కూడా చెప్పరు. నేను ఒకసారి మైకు అడిగి తీసుకుని చెప్పాను. జనం నవ్వుతూ వెనక్కి జరిగారు! ఒక్కరు కూడా గొడవ పెట్టుకోలేదు.

పేసర్‌పసుపుజెండా
వాణి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. రిజిస్ట్రేషన్ ఫారంలో అంచనా టైమ్ అడుగుతారు, దాన్ని ఎవరూ వాడరు. దాన్ని బట్టి బిబ్ రంగు మార్చి, రంగుల వారీగా మూడు వేవ్‌లలో, అంటే విడతల్లో, వదిలితే సగం గొడవ ఉండదు. వేవ్‌కీ వేవ్‌కీ మధ్య మూడు నిమిషాలు చాలు. చిప్ ఉంది కాబట్టి వెనక వేవ్‌లో ఉన్నవాళ్ళ టైమ్‌కి నష్టం లేదు.

వాలంటీర్‌వాణి
@పేసర్‌పసుపుజెండా దానికి ఆర్గనైజర్లు చెప్పే కారణం రోడ్డు పర్మిషన్. రోడ్డు ఇన్ని గంటలకి తెరవాలి అని ముందే రాసిస్తారు. మూడు వేవ్‌లంటే చివరివాళ్ళు ఇంకో ఆరు నిమిషాలు ఆలస్యం. అందుకే కోన్లు కూడా ముందే తీసేస్తారు. అలా తియ్యడం తప్పని నా అభిప్రాయం, కానీ ఒత్తిడి ఎక్కడ నుంచి వస్తుందో తెలియాలి కదా అని చెప్తున్నాను.

నిదానమేప్రధానం
ఆరు నిమిషాలు ముందు మొదలుపెట్టొచ్చుగా అక్కా!

వాలంటీర్‌వాణి
ఈ మాట మీటింగులో చెప్తాను, నిజంగా.

గన్‌టైమ్
అందరూ చిప్ చిప్ అంటున్నారు. ఒక్క విషయం మర్చిపోకండి. వరల్డ్ అథ్లెటిక్స్ రూల్ ప్రకారం అధికారిక టైమ్ గన్ పేలినప్పటి నుంచే. చిప్ టైమ్ సమాచారం కోసం ఇవ్వొచ్చు. స్థానాలు ఎవరు ముందు గీత దాటితే వాళ్ళవే. చాలా లోకల్ రేసుల్లో ప్రైజులు కూడా అలాగే ఇస్తారు. అందుకే ప్రైజు కోసం వచ్చేవాడు ముందు నిలబడాల్సిందే, వేరే దారి లేదు. మధ్యలో ఇరుక్కుంటే అతని డబ్బు పోయినట్టే.

కొత్తగామొదలు
ఒక డౌట్. గన్ టైమ్‌కీ చిప్ టైమ్‌కీ రిజల్ట్ పేజీలో తేడా ఎంత ఉండొచ్చు?

గన్‌టైమ్
@కొత్తగామొదలు ముందు వరసకి ఒకటి రెండు సెకన్లు. జనం ఎక్కువైతే వెనకవాళ్ళకి నిమిషాలు. మీది చిప్ టైమే చూసుకోండి తమ్ముడూ, టెన్షన్ వద్దు.

స్ట్రోలర్‌నాన్న
పాపని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని పరిగెడతాను. నా మీద కోపం వస్తుందేమో కానీ ఉన్న మాట చెప్తాను: నేను చాలామంది కంటే వేగంగానే వెళ్తాను, 52 నిమిషాలు. అయినా అందరికంటే వెనక నిలబడతాను. చక్రం ఎవరి మడమకైనా తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. కొన్ని రేసులు స్ట్రోలర్లు వద్దంటాయి, అలాంటి చోటికి వెళ్ళను. రూల్ ఉన్నప్పుడు ముందే చదువుకోవాలి.

నెగెటివ్‌స్ప్లిట్
మీరు చేసేది ఆదర్శం అన్నా. అందరూ ఇలా ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

ఫిజియోగది
"సరదాగా వచ్చాను" అనే మాటలో నాకు కనిపించే ప్రమాదం వేరు. దారి అడ్డం గురించి మీరంతా రాశారు, నేను ఒంటి గురించి రాస్తాను.

ప్రాక్టీస్ లేకుండా సరదాకి 21 కిలోమీటర్లు పేరు ఇచ్చేసి, వారం తర్వాత మోకాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఊపిరి సరిపోతుంది, కానీ స్నాయువులు, ఎముకలు అంత తొందరగా అలవాటు పడవు. వాటికి నెలలు కావాలి. 5కే కి సరదాగా రండి, ఏమీ కాదు, నడుస్తూ పూర్తి చెయ్యండి. హాఫ్, ఫుల్ మారథాన్‌లకి సరదా అనే మాట వాడకండి.

నీళ్ళ గురించి కూడా. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షించారు, 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. 13 శాతం మందిలో సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, ఉండాల్సిన దానికంటే తక్కువకి పడిపోయింది. పరుగులో బరువు పెరిగినవాళ్ళు, అంటే చెమటకి మించి తాగినవాళ్ళు, నాలుగు గంటలకి పైగా రోడ్డు మీద ఉన్నవాళ్ళు, వీళ్ళలోనే అది ఎక్కువ. మెల్లగా వెళ్ళేవాడికి ప్రతి టేబుల్ దగ్గరా ఆగి తాగే తీరిక ఉంటుంది, అదే ముప్పు. దాహం వేసినప్పుడు తాగండి. భయంతో తాగకండి.

నిదానమేప్రధానం
@ఫిజియోగది ఇది నిజంగా తెలియదు డాక్టరుగారూ. మాకు నీళ్ళు అయిపోవడమే సమస్య అనుకున్నాను. రెండూ సమస్యలే అన్నమాట.

ఫిజియోగది
అవునండీ. ఎండ ఉన్నరోజు టేబుల్ ఎత్తెయ్యడం కూడా అంతే ప్రమాదం. ఎక్కువసేపు ఎండలో ఉండేది వెనకవాళ్ళే.

మెడల్‌పెట్టె
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతాను. పూర్తి చేసిన ప్రతివాళ్ళకీ మెడల్ ఎందుకు? 5కే నడిచినా అదే మెడల్, 38 నిమిషాల్లో 10కే కొట్టినా అదే మెడల్. విలువేముంది?

నెగెటివ్‌స్ప్లిట్
+1. పోడియం వాళ్ళకి ఇవ్వండి, ఏజ్ కేటగిరీ వాళ్ళకి ఇవ్వండి. మిగతా డబ్బుతో దారి పొడుగునా కాపలా ఉండే మార్షల్స్‌ని పెంచండి.

కొత్తగామొదలు
నా మొదటి 5కే మెడల్ మా అమ్మ దేవుడి గదిలో పెట్టింది. మెడల్ తీసెయ్యకండి ప్లీజ్.

పాతబూట్లు
@మెడల్‌పెట్టె మెడల్ సంగతి ఎలా ఉన్నా, వేగాన్ని న్యాయంగా పోల్చాలంటే ఏజ్ గ్రేడింగ్ అని ఒకటి ఉంది. మీ వయసులో, స్త్రీకైనా పురుషుడికైనా, ఉన్న అత్యుత్తమ ప్రమాణంతో మీ టైమ్‌ని పోల్చి శాతం ఇస్తుంది. 60 దాటితే స్థానిక స్థాయి, 70 ప్రాంతీయ, 80 జాతీయ, 90 ప్రపంచ స్థాయి అని లెక్క. మా 44 నిమిషాల కుర్రాడికి 60 దాటింది, 58 నిమిషాల నాకూ దాదాపు అంతే వచ్చింది. రిజల్ట్ పేజీలో ఆ ఒక్క గడి చేరిస్తే చాలామంది ముసలాళ్ళు, ఆడవాళ్ళు ఎంత గట్టిగా పరిగెడుతున్నారో అందరికీ కనబడుతుంది.

బిబ్‌నంబర్‌లేదు
అంటే మా నాన్న నాకంటే ఫాస్ట్ అని రుజువైపోతుంది. ఈ ప్రతిపాదన నేను వ్యతిరేకిస్తున్నాను :)

పేసర్‌పసుపుజెండా
మెడల్ కంటే నాకు కోపం తెప్పించేది బిబ్ మార్పిడి. "నేను రావట్లేదు, నా బిబ్ నువ్వు తీసుకో." ఇది సరదా అనుకుంటారు. యాభై దాటిన ఆవిడ బిబ్ మీద ముప్ఫై ఏళ్ళ కుర్రాడు పరిగెత్తితే ఏజ్ కేటగిరీలో ప్రైజు ఎవరికి పోతుంది? నిజంగా గెలిచినావిడ పోడియం ఎక్కదు. తర్వాత దిద్దినా ఆ క్షణం తిరిగి రాదు. అంతకంటే ముఖ్యం, ఎవరైనా కుప్పకూలితే డాక్టర్లు చూసేది బిబ్ వెనక రాసిన పేరు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు. అవి ఇంకొకళ్ళవైతే?

ఫిజియోగది
ఇది ప్రతి రేసులో మైకులో చెప్పాల్సిన మాట.

తెల్లారిపరుగు
బిబ్ మార్పిడి గురించి ఇంత ఆలోచించలేదు. మా గ్రూపులో ఇది మామూలైపోయింది, అక్కడ ఈ పోస్ట్ పెడతాను.

కానీ నా మొదటి ప్రశ్నలో సగం అలాగే ఉంది. "ఒలింపిక్స్ కాదు" అన్న మాట. అది ఇంకా గుచ్చుతోంది. గెలవని మనిషి కష్టపడితే నవ్వులాటా? నాకు పోడియం రాదు, తెలుసు. 49:59 నాకు కావాలి. అది ఇంకెవరికీ అక్కర్లేదు, నాకు కావాలి.

పాతబూట్లు
కావాలనుకోవడంలో తప్పేమీ లేదు తమ్ముడూ. నవ్వినవాళ్ళకి అది తెలియదు, అంతే.

దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే రేసు ఉంది, 1921 నుంచి జరుగుతోంది, దాదాపు 90 కిలోమీటర్లు. పన్నెండు గంటలు కటాఫ్. సరిగ్గా పన్నెండో గంటకి ఒక అధికారి రన్నర్లకి వీపు పెట్టి నిలబడి గన్ పేలుస్తాడు. ఎవరు వస్తున్నారో చూస్తే చెయ్యి ఆగుతుందని. ఒక్క సెకను ఆలస్యమైనా మెడల్ లేదు. అక్కడ గెలిచినవాడు ఆరు గంటల ముందే వచ్చేసి ఉంటాడు. అయినా స్టేడియం నిండా జనం కూర్చుని చూసేది ఆ ఆఖరి నిమిషాలనే. ఒకరినొకరు భుజం పట్టుకుని లాక్కొస్తుంటారు. ఆఖరున వచ్చేవాళ్ళ కంటే సీరియస్ ఎవరూ ఉండరు ఆ రోడ్డు మీద.

నెగెటివ్‌స్ప్లిట్
ఇది ఒప్పుకుంటాను. కటాఫ్‌ని అంత కచ్చితంగా పాటించడం నాకు నచ్చింది. మన దగ్గర కటాఫ్ అంటే ముందు ఆర్చ్ దించడం, లేకపోతే అసలు పట్టించుకోకపోవడం. రెండూ అగౌరవమే.

నిదానమేప్రధానం
చూశారా, మీరూ నేనూ ఒకే మాట మీదకొచ్చాం.

నెగెటివ్‌స్ప్లిట్
మెడల్ విషయంలో మాత్రం రాలేదు.

స్ట్రోలర్‌నాన్న
ఇంకో నమూనా. పార్క్‌రన్ 2004 అక్టోబర్ 2న ఇంగ్లండ్‌లో ఒక పార్కులో 13 మంది రన్నర్లతో మొదలైంది. ప్రతి శనివారం 5 కిలోమీటర్లు, ఉచితం. దాన్ని వాళ్ళు రేసు అనరు. అందరి టైమ్ రాస్తారు, నడిచేవాళ్ళని ఆహ్వానిస్తారు, ఆఖరున టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ నడుస్తారు. అందువల్ల ఆఖరి స్థానం ఎప్పుడూ ఆ వాలంటీర్‌దే, ఇంకెవరికీ ఆ భయం ఉండదు. మన 10కే లకి కూడా అలా అందరి వెనకా వచ్చే ఒక స్వీప్ ఉండాలి. ఆ మనిషి దాటాకే టేబుల్ మడత, ఆ మనిషి దాటాకే కోన్ తియ్యడం.

కొలతమనిషి
2024లో ఆ పార్క్‌రన్ వాళ్ళే కోర్సు రికార్డుల పట్టికలు సైట్‌లోంచి తీసేస్తే పెద్ద గొడవ జరిగింది. కొత్తవాళ్ళు భయపడకుండా ఉండాలని వాళ్ళన్నారు, మా కష్టానికి గుర్తు లేకుండా చేశారని వేగంగా పరిగెత్తేవాళ్ళన్నారు. అంటే ఈ తగువు అక్కడ కూడా తేలలేదు. నా వరకు, రికార్డు ఉంటే కొత్తవాళ్ళు పారిపోతారనుకోను. టేబుల్ ఎత్తేస్తే మాత్రం పారిపోతారు.

వాలంటీర్‌వాణి
స్వీప్ మాట బాగుంది. స్వీప్‌కి వాకీటాకీ ఇస్తే చాలు, ప్రతి పాయింట్ వాళ్ళకీ తెలుస్తుంది. ఇవి రాసుకున్నాను: తలల పైకి కనబడే ఎత్తులో బోర్డులు రోడ్డుకి రెండు పక్కలా, మైకులో మూడుసార్లు ప్రకటన, బిబ్ రంగులు, వేవ్‌లు, స్వీప్. ఇంకేమైనా ఉందా?

గన్‌టైమ్
ప్రైజు గన్ టైమ్ మీదా చిప్ టైమ్ మీదా అన్నది రిజిస్ట్రేషన్ పేజీలోనే రాయాలి. ప్రతిసారీ ఫినిష్ దగ్గర కొట్లాట అదే.

పేసర్‌పసుపుజెండా
రన్-వాక్ (కాసేపు పరుగు, కాసేపు నడక) చేసేవాళ్ళకి ఒక సూచన కూడా చేర్చండి. నడకకి దిగేముందు చెయ్యి ఎత్తి, వెనక చూసి, అంచుకి జరిగి అప్పుడు నడవాలి. జెఫ్ గాలవే అని 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తినాయనే ఈ రన్-వాక్ పద్ధతిని ప్రచారం చేశాడు. కాబట్టి నడక చిన్నతనం కాదు. నడిరోడ్డు మీద ఠక్కున ఆగడమే సమస్య. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆగితే వెనకవాడు అరిచినా వినబడదు.

తెల్లారిపరుగు గారూ, మీకు ఒక మాట. వచ్చే రేసులో నేను పేసర్‌ని, సరిగ్గా 50 నిమిషాల వేగంలో జెండా పట్టుకుని పరిగెడతాను, నా వెనక రండి. మొదటి కిలోమీటరులో ఇరుక్కుంటే పోయిన అరనిమిషాన్ని రెండో కిలోమీటరులోనే లాగెయ్యాలని చూడొద్దు, ఏడో కిలోమీటరు దగ్గర కాళ్ళు పట్టేస్తాయి. తొమ్మిది కిలోమీటర్లకి కొంచెం కొంచెంగా పంచుకుంటే తెలియకుండా వచ్చేస్తుంది.

తెల్లారిపరుగు
వస్తాను అన్నా. మెలికలు తిరగను, మీ వెనకే.

కొత్తగామొదలు
నాది మొదటి 10కే. 75 నిమిషాలు పడుతుందనుకుంటున్నాను. బోర్డులు కనబడకపోతే ఎక్కడ నిలబడాలి?

నిదానమేప్రధానం
@కొత్తగామొదలు చుట్టూ ఉన్నవాళ్ళని అడుగు, "మీరు ఎంతకి చేస్తారు" అని. గంట లోపు అంటే ఇంకా వెనక్కి రా. గంటా పావు అన్నవాళ్ళు దొరికాక ఆగు. నేను ఆ దగ్గర్లోనే ఉంటాను, ఆకుపచ్చ టోపీ.

వాలంటీర్‌వాణి
ఫారంలో కూడా 75 అనే రాయి నాన్నా. 60 అని రాసి ముందు వేవ్‌లో దూరేవాళ్ళు బోలెడుమంది. ఈసారి ఆ గడి నేనే చూస్తున్నాను.